హాలోవీన్ కోసం ఫిడిల్

ఈ అక్టోబర్ అంతా ఆఫీస్ అవ్వగానే ఫిడిల్ పట్టుకుని కూర్చుంటున్నా, 31న మా వీధి పిల్లలు చాక్లెట్లకి వచ్చేటప్పుడు వరండాలో భయం పుట్టేలా వాయించాలని. ఇక్కడ నార్త్ కరోలైనాలో పాతకాలం ట్యూన్లు వాయించేవాళ్ళు పాటని బట్టి తీగల శ్రుతే మార్చేస్తారు, ఏ-ఈ-ఏ-ఈ (A-E-A-E, ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు) అని ఒకటుంది, అది వినగానే ప్రాణం లేచొచ్చింది, చిన్నప్పుడు విజయవాడలో మా గురువుగారు పెట్టించిన స-ప-స-ప అదే కదా! ఇంకోటి డి-డి-ఏ-డి, దాన్ని డెడ్ మ్యాన్స్ ట్యూనింగ్ అంటారు, లావు తీగ శ్రుతి బాగా కిందికి దించేస్తారు, అది కింద గుంయ్‌మని మోగుతూనే ఉంటుంది. కొందరైతే రాటిల్‌స్నేక్ తోక గిలకని ఫిడిల్ లోపల వేసి ఉంచుతారు.

కానీ నన్ను పట్టేసింది మాత్రం ఫ్రెంచ్ స్వరకర్త సాన్-సాన్స్ 1874లో రాసిన డాన్స్ మకాబ్ర్, అంటే మృత్యు నృత్యం. సోలో వయొలిన్‌కి E తీగని E ఫ్లాట్‌కి, అంటే అర స్వరం కిందికి, దించమన్నాడు, దాన్ని A తీగతో కలిపి లాగితే, అంటే A ని షడ్జం అనుకుంటే, పంచమం రావాల్సిన చోట ప్రతి మధ్యమం నిలబడుతుంది, ఆ రెండూ కలిసి మోగితే ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ గమకం ఇస్తే మాత్రం భయం పోయి కరుణ వచ్చేస్తుంది, అందుకే స్వరాన్ని అస్సలు కదపకుండా పట్టుకుంటున్నా, అలవాటైన చేతికి అదే కష్టం. బ్రిడ్జి పక్కనే కమాను లాగితే గాజు గీరినట్టు సౌండ్ వస్తుంది, మా పాపకి అది తెగ నచ్చింది, ఇంకోసారి నాన్నా అంటూనే ఉంది.