బూటు వేళ లేవని రెయిడ్ అరే

లినక్స్ యంత్రం బూటు మధ్యలో ఆగి అత్యవసర షెల్‌లో నిలబడినప్పుడు చాలామంది ముందుగా డిస్కునే అనుమానిస్తారు. కొన్ని డిస్కులను కలిపి ఒకే డిస్కులా (దీన్నే అరే అంటారు) నడిపే సాఫ్ట్‌వేర్ రెయిడ్ విషయంలో ఆ అనుమానం తరచుగా తప్పవుతుంది. డిస్కుల్లోని సమాచారం క్షేమంగానే ఉంటుంది. వాటిని కలిపి లేపడానికి కావలసిన ఆధారాలు చాలవనిపించి లినక్స్ మూలభాగమైన కెర్నల్ వెనకడుగు వేస్తుంది, అంతే. అందుకే ఇలాంటప్పుడు మొదట ఇవ్వవలసినవి చదివే ఆదేశాలే తప్ప రాసే ఆదేశాలు కావు.

మా ఇంటి డెబియన్ సర్వరులో నాలుగు డిస్కుల రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే రకం) ఉంది. ఫైళ్లు కాపీ అవుతుండగా కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసిన తర్వాత అది మళ్లీ లేవలేదు. అరేల స్థితి చూపే, ప్రాక్ డైరెక్టరీ కింద ఉండే ఎండీస్టాట్ ఫైలు చూస్తే అరే ఇనాక్టివ్ అని, ప్రతి డిస్కు పేరు పక్కనా 'ఎస్' అనే అక్షరం కనిపించాయి. ఆ అక్షరం స్పేర్‌కు, అంటే అవసరానికి పక్కన ఉంచిన డిస్కుకు, గుర్తే అయినా, నాలుగు డిస్కులూ స్పేర్లుగా మారిపోయాయని కంగారు పడనక్కరలేదు. అరే ఇంకా మొదలు కానందువల్ల ఏ డిస్కుకూ స్థానం ఖరారు కాలేదని మాత్రమే దాని భావం.

అసలు కథ రెయిడ్‌ను నిర్వహించే సాధనమైన ఎమ్‌డీఆడమ్‌కు ఎగ్జామిన్ ఆదేశం ఇస్తే తెలుస్తుంది. ప్రతి సభ్య డిస్కులోనూ అరే వివరాలు దాచే సూపర్‌బ్లాకులో ఈవెంట్ల సంఖ్య ఒకటి ఉంటుంది. అరే స్థితి మారినప్పుడల్లా అది పెరుగుతుంది. మూడు డిస్కుల్లో ఆ సంఖ్య ఒక్కటే, నాలుగో దానిలో మాత్రం కొంత వెనకబడి ఉంది. ఒక డిస్కు లేకపోయినా రెయిడ్ 5 నడవాలి కదా అనే సందేహం ఇక్కడ సహజంగానే వస్తుంది. రాతల మధ్యలో కరెంటు పోయింది కాబట్టి అరే క్లీన్‌గా లేదు. అంటే కొన్ని చోట్ల డేటాకూ, పోయిన డిస్కు భాగాన్ని తిరిగి లెక్కగట్టడానికి దాచే పారిటీకీ పొంతన లేకపోవచ్చు. అలాంటి పారిటీని బట్టి, అందుబాటులో లేని డిస్కు భాగాన్ని లెక్కగట్టితే తప్పుడు డేటా రావచ్చు గనుక, డిస్కు తగ్గడమూ క్లీన్‌గా లేకపోవడమూ రెండూ కలిసినప్పుడు కెర్నల్ తనంతట తాను అరేను మొదలుపెట్టదు. ఈ మొండితనం నాకు సబబుగానే తోస్తుంది.

సగం లేచిన అరే డిస్కులను పట్టుకుని ఉంటుంది కాబట్టి ముందు దానికి స్టాప్ ఇచ్చి, ఆపై సంఖ్య సరిపోయిన మూడు డిస్కులనే పేర్కొంటూ అసెంబుల్‌కు ఫోర్స్ జోడించాను. లేచిన తర్వాత ఏమీ రాయనివ్వకుండా ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసి, ముఖ్యమైన ఫైళ్లను వేరేచోటికి తీసుకుని, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ నివేదికా కేబులూ పరీక్షించాకే నాలుగో డిస్కును రీయాడ్ చేశాను, అంటే అరేలో మళ్లీ చేర్చాను. ఏ భాగాల్లో రాతలు జరిగాయో గుర్తుపెట్టుకునే రైట్ ఇంటెంట్ బిట్‌మ్యాప్ ఉండటం వల్ల మారిన భాగాలే మళ్లీ సరిచూసుకున్నాయి.

కొందరు ఈ దశలో విసుగెత్తి, అరేను కొత్తగా సృష్టించే క్రియేట్ ఆదేశం ఇస్తారు. డిస్కుల వరుస, చంక్ (ఒక డిస్కులో ఒక్కసారి రాసే ముక్క) పరిమాణం, డేటా మొదలయ్యే చోటు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఫైల్ సిస్టమ్ దొరకదు. చంక్ పరిమాణం ఒకప్పుడు చెప్పకపోతే 64 కేబీ, తర్వాతి వెర్షన్లలో 512 కేబీ. పాత అరేను కొత్త వెర్షన్‌తో సృష్టించేవారికి ఆ ఒక్క తేడా చాలు.

డిస్కులన్నీ బాగుండి, అరే ఎండీ0 బదులు ఎండీ127 పేరుతో లేస్తే కారణం వేరు. బూటు మొదట్లో నడిచే చిన్న తాత్కాలిక వ్యవస్థ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఎమ్‌డీఆడమ్ కాన్ఫిగరేషన్ నకలు ఒకటి ఉంటుంది. అసలు ఫైలును దిద్ది ఆ నకలును వదిలేస్తే పాత వివరాలే చెల్లుతాయి. డీటెయిల్ స్కాన్ ఇచ్చే వరుసను కాన్ఫిగరేషన్‌లో చేర్చి, డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో డ్రాకట్ నడిపి ఆ నకలును తాజా చేయాలి. బూటు వేళ మౌంటు చేయవలసినవి రాసే ఎఫ్‌ఎస్‌టాబ్‌ ఫైలులో అరే పేరుకు బదులు ఫైల్ సిస్టమ్ యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాస్తే పేరు మారినా మౌంటు ఆగదు. అయితే అక్కడ రాయవలసింది బ్లాక్ ఐడీ ఆదేశం అరే మీద చూపే యూయూఐడీ, ఎమ్‌డీఆడమ్ చూపే అరే యూయూఐడీ కాదు.

రూట్ కాని అరేలకు ఎఫ్‌ఎస్‌టాబ్‌లో నోఫెయిల్ కూడా చేర్చుకుంటే, అరే లేవకపోయినా యంత్రం పూర్తిగా బూటు అవుతుంది, దూరం నుంచే లాగిన్ అయి ఎండీస్టాట్ చూసుకోవచ్చు.