రోడ్డైపోయిన రన్‌వే

షార్జాలో ఏసీ మెయింటెనెన్స్ పని నాది. కింగ్ అబ్దుల్ అజీజ్ స్ట్రీట్ మీద రోజుకు రెండుసార్లైనా మా వ్యాన్ తిరిగేది. ఆ రోడ్డు అంత తిన్నగా ఎందుకుందో ఏళ్ల తరబడి నాకు తట్టనే లేదు.

చెప్పింది మా రూములో ఉండే కాక. జగిత్యాల వైపు మనిషి, 1976లో వచ్చాడు. 2014లో వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్లిపోయే ముందు, ఓ రాత్రి సిగ్నల్ దగ్గర వ్యాన్ ఆగితే కిటికీలోంచి చెయ్యి చూపించి, "నేను దిగింది గీడనే తమ్మీ" అన్నాడు. విమానం రోడ్డు మీద దిగుతుందా కాకా అన్నాను. "అప్పుడు రోడ్డు లేదు. ఇదే రన్‌వే" అన్నాడు.

ఆ శుక్రవారం ఇద్దరం ఆ పాత ఎయిర్‌పోర్టు చోటే ఉన్న అల్ మహత్తా మ్యూజియానికి వెళ్లాం. మహత్తా అంటే అరబ్బీలో స్టేషన్. లండన్ నుంచి మన దేశానికి వచ్చే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే బ్రిటిష్ కంపెనీ విమానాలు మొదట్లో పర్షియా, అంటే ఇప్పటి ఇరాన్, తీరం మీదుగా ఎగిరేవి. అక్కడ అనుమతి ఆగిపోవడంతో ఈ ఒడ్డున చోటు వెతుక్కున్నారు. 1932 అక్టోబర్ 5న 'హన్నో' అనే నాలుగు ఇంజిన్ల విమానం ఇక్కడ దిగింది. ప్రయాణికులు రాత్రికి పడుకోవడానికి కోటలాంటి విడిది కట్టారు. 1960ల దాకా ఇక్కడ చెల్లింది రూపాయే కాబట్టి, ఆ గోడలు కట్టినవాళ్లకు కూలీ రూపాయల్లోనే ముట్టి ఉంటుంది. ఆ గోడల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

తర్వాత అది బ్రిటిష్ వైమానిక దళం స్థావరమైంది. 1971లో సైన్యం వెళ్లిపోయింది. 1977లో కొత్త ఎయిర్‌పోర్టు రావడంతో ఇది మూతపడింది. చుట్టూ బిల్డింగులు లేచాయి, రన్‌వే మీద కార్లు తిరిగాయి. పాత విడిదినీ కంట్రోల్ టవర్‌నీ మాత్రం కూల్చకుండా ఉంచి, 2000లో మ్యూజియం చేశారు. గజం స్థలానికి ఇంత రేటు పలికే ఊళ్లో అలా ఉంచినందుకు షార్జా వాళ్లకు దండం పెట్టాలి.

లోపల డగ్లస్ డీసీ-3, ఆవ్రో ఆన్సన్ విమానాలున్నాయి. కాక వాటిని పెద్దగా చూడలేదు. టవర్ కింద నిలబడి తాను దిగిన రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఏజెంటుకు కట్టడానికి రెండెకరాలు కుదువ పెట్టిన సంగతి, పాస్‌పోర్టు పోతుందేమోనని తెల్లవార్లూ చేతిలోనే పట్టుకున్న సంగతి, నేల సెగ చెప్పుల్లోంచి అరికాళ్లకు తగిలిన సంగతి. చాటుగా కాదు, అడిగే ఫోన్‌లో రికార్డ్ చేశాను. పదకొండు నిమిషాలు.

మూడు ఫోన్లు మారినా ఆ పదకొండు నిమిషాలు పోకుండా చూసుకుంటున్నాను. ఈ రన్‌వే మీద ఎలాంటి విమానాలు దిగేవో మ్యూజియంలో చూడొచ్చు గానీ, కాకలాంటి వాళ్లు ఒక్కొక్కరే క్యాన్సిల్ చేసుకుని వెళ్లిపోతున్నారు. అందుకే ఇప్పుడు ఏ రూముకు ఏసీ రిపేరుకు వెళ్లినా, పెద్దవాళ్లు కనిపిస్తే మీరు మొదట ఎక్కడ దిగారని అడుగుతాను. రోలా దగ్గర ఒక సిరిసిల్ల పెద్దాయన తాను బొంబాయి నుంచి ఓడలో వచ్చానన్నాడు. వచ్చే శుక్రవారం తీరిగ్గా రమ్మన్నాడు, వెళ్తున్నాను.