24 కేజీల స్నాచ్ టెస్ట్ రెండో అటెంప్ట్‌లో పాసయ్యా, చేతుల గురించి నా అనుభవం

అందరికీ నమస్తే. మొన్న ఆదివారం స్నాచ్ టెస్ట్ క్లియర్ చేశాను. స్నాచ్ అంటే కెటిల్‌బెల్‌ని (పైన హ్యాండిల్ ఉన్న ఇనుప గుండు, మనం బెల్ అంటాం) కాళ్ళ మధ్య నుంచి ఒంటిచేత్తో ఒక్క ఊపులో తలపైకి లేపి దింపడం, టెస్ట్‌లో ఐదు నిమిషాల్లో 100 రెప్స్ (సార్లు) చెయ్యాలి. నాది 24 కేజీల బెల్, 100 రెప్స్, 4 నిమిషాల 41 సెకన్లు. పాస్ అని చెప్పగానే నేను చేసిన మొదటి పని రెండు అరచేతులూ తిప్పి చూసుకోవడం. ఎర్రగా ఉన్నాయంతే, ఎక్కడా చర్మం లేవలేదు. టైం విన్నప్పుడు రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి. ఐదు నెలల క్రితం నా చెయ్యి చూసినవాళ్ళకి అదెందుకో తెలుసు.

సిలబస్ మీకు తెలిసిందే. స్వింగ్, క్లీన్, ప్రెస్, స్క్వాట్, గెటప్ లాంటి మిగతా బెల్ ఎక్సర్‌సైజుల గురించి నేను రాయను, వాటికి మీ కోచ్‌లు ఉన్నారు. చేతుల గురించే రాస్తాను, ఎందుకంటే మనలో చాలామంది ఊపిరికి ప్లాన్ వేసుకుంటాం, భుజాలకి ప్లాన్ వేసుకుంటాం, చేతుల్ని మాత్రం వాటి మానాన వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశా.

ఫస్ట్ అటెంప్ట్ బెంగుళూరులో. స్టామినా విషయంలో నాకు ఏ భయమూ లేదు, అంతకుముందు రెండు వారాల్లో ఫుల్ 100 రెప్స్ మూడుసార్లు టైం లోపలే కొట్టి వెళ్ళా (ఇదే పెద్ద తప్పు, తర్వాత చెప్తా). అప్పటికే కుడిచేతి ఉంగరం వేలు మొదట్లో కాయ గోరంత గట్టిగా తయారైంది, అంచు పైకి లేచి ఉంది. నాకది గర్వం. మా నాన్న పొలం పని చేసిన మనిషి, ఆయన చేతులు కాయలు కాసి ఉండేవి, చేతిలో కాయ ఉందంటే కష్టపడ్డాడని అర్థం అనుకుంటూ పెరిగా. దాన్ని అరగదీయాలన్న ఆలోచన కూడా రాలేదు, కష్టపడి సంపాదించుకున్నదాన్ని ఎవరైనా అరగదీసుకుంటారా అన్నట్టు ఉండేది.

కుడి 20, ఎడమ 20, మళ్ళీ కుడి. 53వ రెప్‌లో బెల్ కిందకి దిగేటప్పుడు వేలి మొదట్లో ఏదో పట్టుకుని లాగినట్టయ్యింది. నొప్పి వెంటనే తెలియలేదు, చెమట అనుకున్నా. ఇంకో రెప్‌కి హ్యాండిల్ జారుతోంది, చూస్తే చేతులకి రాసుకున్న తెల్లటి చాక్ పొడి మీద ఎరుపు. కాయ మొత్తం మూతలాగా లేచిపోయింది. ఎడమ చేతికి మార్చి అక్కణ్ణుంచి అంతా ఎడమతోనే లాగా. 78 దగ్గరికి వచ్చేసరికి ముంజేయి రాయిలా బిగిసిపోయి వేళ్ళు మూసుకోవడం లేదు, కింద పెట్టి మళ్ళీ ఎత్తా, ఐదు నిమిషాలు అయిపోయేసరికి 84. ఊపిరి బాగానే ఉంది, కాళ్ళు బాగానే ఉన్నాయి, ఇంకో రెండు నిమిషాలు చెయ్యగలిగే ఓపిక ఒంట్లో ఉంది. పట్టుకోవడానికి చెయ్యి లేదు. రూపాయి నాణెం అంత చర్మం కోసం నాలుగు నెలల ప్రిపరేషన్ పోయింది.

ఆ రాత్రి ట్రైన్‌లో పై బెర్త్ ఎక్కడానికి కడ్డీ పట్టుకోలేకపోయా. ఇంటికొచ్చాక అన్నం కలుపుకోలేను, కారం తగిలితే ప్రాణం పోయేది, పప్పులో ఆవకాయ కలిపి మూడు రోజులు అమ్మే పెట్టింది. అమ్మ ఒక్క మాట అనలేదు గానీ ప్రతి ముద్దకీ నా చెయ్యి వైపు చూసేది.

చర్మం లేస్తే ఏం చెయ్యాలో కూడా అప్పుడే తెలిసింది. సబ్బు నీళ్ళతో కడగాలి, మంటగా ఉంటుంది, అయినా కడగాలి. లేచిన చర్మాన్ని పీకొద్దు, వేలాడే అంచుల్ని మాత్రం శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, గాజ్ (పలచటి కట్టు గుడ్డ) చుట్టి, రోజూ మార్చాలి. చీము, వాపు కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి, షుగర్ ఉన్నవాళ్ళయితే అంతదాకా కూడా ఆగొద్దు. పూర్తిగా మానకుండా టేప్ వేసి మళ్ళీ స్నాచ్ మొదలుపెడితే అదే చోట మళ్ళీ లేస్తుంది, నాది లేచింది.

అసలు మలుపు హైదరాబాద్‌లో ఒక సీనియర్ కోచ్ అన్న దగ్గర. స్నాచ్ చూపిస్తానన్నా, ముందు చేతులు చూపించమన్నాడు. చూసి ఒకటే అడిగాడు, "ఏంది తమ్మీ, కాయలు నడి అరచేతి దాకా ఎందుకొచ్చినయ్? నువ్వు బెల్‌ని పిసుకుతున్నవ్." నిజంగానే నేను హ్యాండిల్‌ని అరచేతి లోపలికంటా పెట్టి పిడికిలి బిగించి పట్టుకునేవాణ్ణి. అలా పట్టుకుంటే హ్యాండిల్‌కీ వేళ్ళ మొదళ్ళకీ మధ్య చర్మం మడత పడుతుంది, బెల్ కిందకి దిగేటప్పుడు హ్యాండిల్ ఆ మడతని పట్టుకుని లాగుతుంది, కాయ అంచు లేచి ఉంటే ఇంకా సులువు. నీళ్ళ బకెట్ మోసేటప్పుడు ఎవరైనా హ్యాండిల్‌ని పిసుకుతారా, వేళ్ళకి కొక్కెంలా తగిలించుకుంటారు. బెల్ కూడా అలాగే వేళ్ళల్లో ఉండాలి, పైకి వెళ్ళాక అరచేతి మడమ (మణికట్టు పక్కనున్న కండ) మీద ఏటవాలుగా కూర్చోవాలి, దిగేటప్పుడు మళ్ళీ వేళ్ళల్లోకే రావాలి.

నా తప్పు పైకి లేపడంలో లేదు, దింపడంలో ఉంది. పై నుంచి బెల్‌ని దూరంగా విసిరేసినట్టు దింపేవాణ్ణి, పెద్ద వంపు తిరిగి కిందకి వచ్చేసరికి 24 కేజీలు ఒక్కసారిగా చర్మం మీద పడేది, అదీ నేను పిడికిలి బిగించి ఉన్నప్పుడు. అన్న నాతో మూడు వారాలు 16 కేజీలతో దింపడమే చేయించాడు. మోచెయ్యి ముందు మడిచి, బెల్‌ని ఒంటికి దగ్గరగా, చొక్కా జిప్ కిందకి లాగినట్టు దింపాలి, చెయ్యి తిప్పుతూ బొటనవేలు వెనక్కి చూసేలా రావాలి, బరువు పడే లోపే వేళ్ళు కొక్కెం అయ్యి ఉండాలి. పైకి వెళ్ళేటప్పుడు కూడా బెల్ తేలే క్షణంలో పట్టు వదులు చేసి చెయ్యి హ్యాండిల్ లోపలికి దూర్చాలి, చివరిదాకా బిగించి ఉంచితే బెల్ ముంజేతి మీద దబ్బున పడుతుంది, చర్మమూ నలుగుతుంది. ఇదంతా చాక్ లేకుండా చేయించాడు. చాక్ ఉంటే తప్పు పట్టు కూడా నిలబడుతుంది, లేకపోతే చెయ్యి తనే నేర్చుకుంటుంది. ఇంకోటి, పాత సాక్స్ కాలి గొట్టం కోసి అరచేతికి తొడుక్కుని రెప్స్ ఎక్కువున్న రోజుల్లో చేశా, చర్మానికి రెస్ట్ దొరికింది.

గ్లోవ్స్ వేసుకోవచ్చుగా అని జిమ్‌లో కనీసం పదిమంది అన్నారు. గ్లోవ్స్ వేస్తే హ్యాండిల్ లావవుతుంది, పట్టు ఇంకా త్వరగా పోతుంది, లోపల గుడ్డ మడత పడి అక్కడే బొబ్బలొస్తాయి. పది నిమిషాలు బెల్ కింద పెట్టకుండా, ఒక్కసారే చెయ్యి మార్చి చేసే గిరెవోయ్ (కెటిల్‌బెల్ క్రీడ) పోటీల్లో కూడా గ్లోవ్స్ ఒప్పుకోరు, చాక్ మాత్రమే. వాళ్ళ చేతులు మాత్రం చర్మమే కదా.

చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్, చెమటని పీలుస్తుంది. మన విజయవాడ ఎండాకాలంలో అది లేకుండా కష్టమే, నిజమే, కానీ ఎక్కువైతే చర్మం ఎండిపోయి పగుళ్ళొస్తాయి, హ్యాండిల్ మీద పాత చాక్ గడ్డకట్టి గరుకు కాగితంలా మారుతుంది. సెట్ ముందు హ్యాండిల్ తుడవండి, పలచగా రాయండి. హ్యాండిల్ కింది వైపు వేలితో తడిమి చూడండి, చవకరకం పోత ఇనుము బెల్స్‌కి అక్కడ అచ్చు గీత ఉంటుంది, అది కత్తిలాంటిది, గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. నా బెల్‌కి అది ఉందని ఏడాదిన్నర తర్వాత చూసుకున్నా.

కాయల సంగతి. స్నానం అయ్యాక చర్మం మెత్తగా ఉన్నప్పుడు, కాళ్ళు రుద్దుకునే రాయితో వారానికి రెండుసార్లు రుద్దా. పూర్తిగా తీసెయ్యకూడదు, కింద లేత చర్మం బయటపడుతుంది, చుట్టూ చర్మంతో సమానంగా, అంచు వేలికి తగలకుండా ఉంటే చాలు. బ్లేడుతో కోయొద్దు. రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె. మొదటిసారి రుద్దినప్పుడు నాన్న పక్కనే ఉన్నారు, నాకు చిన్నతనంగా అనిపించింది, ఆయనే అన్నారు, "మేమూ కోతల ముందు రాయికేసి రుద్దుకునేవాళ్ళంరా, లేకపోతే కొడవలి పట్టినప్పుడు చీలిపోయేది" అని. నాకు ఆ విషయం 29 ఏళ్ళకి తెలిసింది.

మిగతా ప్రిపరేషన్ మామూలే. వారానికి మూడు రోజులు, అందులో స్నాచ్ రెండు రోజులే, మూడో రోజు 32 కేజీలతో ఒంటిచేతి స్వింగ్స్, గ్రిప్‌కి అంతకన్నా మంచిది నాకు దొరకలేదు. వేళ్ళకి రబ్బర్ బ్యాండ్ వేసి బయటికి తెరవడం రోజూ చేశా, ముంజేయి బిగుసుకుపోవడం బాగా తగ్గింది. చివరి పది రోజులు స్నాచ్ దాదాపు లేదు, రెండుసార్లు తేలిగ్గా 30, 40 రెప్స్ అంతే. ఫస్ట్ అటెంప్ట్ ముందు ఫుల్ టెస్టులు మూడు కొట్టా అన్నానే, ఆ టెస్టుల్లో అరిగి నలిగిన చర్మంతోనే పరీక్షకి వెళ్ళా.

ఈసారి పదికోసారి చెయ్యి మార్చా, మొత్తం తొమ్మిది మార్పులు. అన్నిసార్లు మార్చడం ఏంటి, అది నిజమైన గ్రిప్ కాదు అని ఒకరు అన్నారు. మన టెస్ట్ రూల్స్‌లో ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, నేను రూల్స్ చదివే ప్లాన్ చేసుకున్నా, ఒక్కో చేతికి 25 సెకన్ల విశ్రాంతి వస్తుంటే దాన్ని వదులుకోవడానికి నాకు కారణం కనపడలేదు. ఒకసారి రక్తం కార్చి 84 దగ్గర ఆగినవాణ్ణి, ఇందులో నేను సిగ్గుపడేది ఏమీ లేదు. నొప్పి ఓర్చుకోవడం మనలో ఎవరికైనా వచ్చు తమ్ముళ్ళూ, రోజూ రాత్రి పది నిమిషాలు చేతులకి కేటాయించడం రాదు, ఎందుకంటే అది ఎవరూ చూడరు, దానికి వీడియో తీసుకోలేం. నేను ఐదు నెలల్లో నాలుగు రాత్రులే మిస్సయ్యా, అవి కూడా గోడ మీద క్యాలెండర్‌లో రాసి ఉన్నాయి.

టెస్ట్ రోజు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. హాల్లో 24 కేజీల బెల్స్ నాలుగైదు ఉంటాయి, అన్నీ ఒకేలా ఉండవు, కాస్త ముందే వెళ్ళి అన్నిటి హ్యాండిల్స్ పట్టుకుని చూడండి. నేను మూడోది తీసుకున్నా, పాత చాక్ తడిగుడ్డతో తుడిచి, ఆరాక రాసుకున్నా. మీకు చర్మం ఎక్కడ లేస్తుందో అర్థం కాకపోతే అరచేతి ఫోటో తీసి పంపండి, వెలుతురులో, వేళ్ళు చాపి. కాయలు ఎక్కడున్నాయో చూసి నాకు తెలిసింది చెప్తా.