అడుగు పెట్టే ముందు: గలాపగోస్‌లో ఎనిమిది రోజులు

గలాపగోస్ దీవులకు వెళ్తున్నామని చెప్పగానే మా బంధువులందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: అంత దూరం వెళ్తే జంతువులు కనిపిస్తాయా అని. కనిపించడం గురించి అక్కడ ఎవరూ దిగులు పడనక్కరలేదు. దారికి అడ్డంగా పడుకుని మనల్నే ఆపుతాయి. శ్రమంతా నేల మీద అడుగు పెట్టడంలోనే ఉంది. వృక్షశాస్త్రం ముప్పై ఏళ్లు బోధించి పదవీ విరమణ చేసిన నాకు, అరవై ఒకటో ఏట, ఆ అడుగు ఎంత పెద్ద వ్యవహారమో తెలిసింది.

మొదటి అడుగు హైదరాబాదులోనే పడింది. ఆ దీవులు దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశానివి. ఆ దేశం, దోమల వల్ల వచ్చే ఎల్లో ఫీవర్ జ్వరం ముప్పు ఉన్న దేశాల జాబితాలో ఉంది కనుక, అక్కడి నుంచి బయలుదేరిన ఆరు రోజుల్లోపు మన దేశంలో దిగేవారి దగ్గర టీకా ధ్రువపత్రం లేకపోతే క్వారంటైన్‌లో ఉంచుతారు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నేనూ మా ఆవిడా టీకా వేయించుకున్నాం. అరవై దాటినవారికి ఆ టీకా విషయంలో కొంత జాగ్రత్త అవసరం కాబట్టి, డాక్టరుగారు నా పాత జబ్బులూ వాడుతున్న మందులూ అన్నీ విడమరిచి అడిగి, ఆ తర్వాతే సూది అందుకున్నారు. ధ్రువపత్రం చెల్లుబాటు పదో రోజు నుంచి మొదలవుతుంది. ప్రయాణం ముందురోజు పరుగెత్తితే లాభం లేదు. వీసా కాగితాలు, విమానం టిక్కెట్లు మా అబ్బాయి చూసుకున్నాడు కనుక వాటి గురించి నేను చెప్పగలిగింది తక్కువ.

రెండో అడుగు దగ్గర నా పరువు పోయింది. ఈక్వెడార్ రాజధాని కీటో విమానాశ్రయంలో, దీవులకు వెళ్లే విమానం ఎక్కేముందు, మనిషికి 20 డాలర్లు కట్టి ఒక ట్రాన్సిట్ కార్డు తీసుకోవాలి. ఆ దేశంలో 2000 నుంచి చెలామణిలో ఉన్నది అమెరికా డాలరే. ఆ పక్కనే సామాను తనిఖీ. విత్తనాలు, పచ్చి పండ్లు, మొక్కలు, మట్టి ఏవీ దీవుల్లోకి వెళ్లకూడదు. మా ఆవిడ సర్దిన సంచిలో మూసిన ప్యాకెట్లలో ఉన్న కందిపొడిని, కరివేపాకు పొడిని అధికారిణి వాసన చూసి పక్కన పెట్టేసింది. ఆ తర్వాత ఆమె చేతికి చింతపండు ముద్ద దొరికింది. వేళ్లతో నొక్కి, ఒక పిక్కను బయటికి లాగి, నా ముఖం ముందు పెట్టి, "సెమీయాస్" అంది. విత్తనాలు అని అర్థం. పిక్క తీసిన చింతపండే కొన్నానని మా ఆవిడ, తీసిందో లేదో చూడాల్సింది మీరు కదా అని నా వైపు. ముప్పై ఏళ్లు విత్తనవ్యాప్తి పాఠం చెప్పినవాడిని, వాదించడానికి నోరు రాలేదు. ముద్ద మొత్తం చెత్తబుట్టలోకి వెళ్లింది, మా పెట్టెలకు సీలు పడింది.

నాకు కోపం రాకపోవడానికి కారణం ఉంది. ఈక్వెడార్ తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల పడమట, సముద్రగర్భంలోని అగ్నిపర్వతాల నుంచి పుట్టిన ఈ దీవులు ఏనాడూ ఖండంతో కలిసి లేవు. ఈది, ఎగిరి, కొట్టుకొచ్చిన జీవులే అక్కడ స్థిరపడి కొత్త రూపాలు దాల్చాయి. మనుషులు వచ్చాక మాత్రం తెచ్చినవన్నీ దిగిపోయాయి. మనం దొంగతనంగా కోసుకు తిన్న జామ అక్కడ కలుపు చెట్టు. మన చేలగట్లను ఆక్రమించిన లంటానా అక్కడా అదే పని చేస్తోంది. మేకలైతే ఇసబెలా దీవి ఉత్తరభాగంలో తాబేళ్ల మేతను ఎంతగా మేసేశాయంటే, వాటిని నిర్మూలించడానికి 1997 నుంచి 2006 దాకా హెలికాప్టర్లతో సహా ఒక పెద్ద కార్యక్రమమే నడపవలసి వచ్చింది. ఇదంతా తెలిసి కూడా చింతపండు తీసుకెళ్లడం వేరే సంగతి.

విమానం దిగేముందు సామాను అరల్లో పురుగుల మందు చల్లారు. బాల్ట్రా దీవిలో దిగాక నేషనల్ పార్కు రుసుము కట్టాం. 2024 ఆగస్టు నుంచి మనబోటి విదేశీయులకు అది 200 డాలర్లు. అక్కడి నుంచి బస్సులో రేవుకు, రేవు నుంచి పంగా అని పిలిచే చిన్న రబ్బరు పడవలో ఓడకు.

మా ఓడలో ప్రయాణికులం పదహారుమందిమి, ఒక గైడుకు అనుమతించే సంఖ్య అంతే. ఏ రోజు ఏ చోట ఎన్ని గంటలకు దిగాలో పార్కువారు ముందే నిర్ణయిస్తారు, కెప్టెన్ తన ఇష్టంతో దాన్ని మార్చలేడు. మొదటిరోజు నాకిది బడి టైంటేబులులా చిరాకనిపించింది. మా గైడు ఆ దీవుల్లోనే పుట్టి పెరిగిన అమ్మాయి. రోజూ రాత్రి భోజనానికి ముందు మర్నాటి సంగతులు చెప్పేది, అందులో నేను చెవులు రిక్కించి వినేది ఒక్క మాట కోసమే: పొడిగా దిగడమా, తడిగా దిగడమా? పొడి అంటే రాయి మీదికో మెట్టు మీదికో పడవ నుంచి అడుగు వేయడం. తడి అంటే అలల్లోకి దిగి నడవడం. రెండింట్లోనూ నావికుడి అరచేతిని కాక ముంజేతిని పట్టుకోవాలి, అతను మన ముంజేతిని పట్టుకుంటాడు. ఒకరి పట్టు జారినా రెండోవారిది నిలుస్తుంది.

నార్త్ సీమోర్ దీవిలో పొడిగా దిగవలసిన మెట్టు మీద ఒక సముద్ర సింహం నిద్రపోతోంది. జంతువులకు రెండు మీటర్ల దూరం పాటించాలన్నది నియమం. ఆ సంగతి జంతువుకు తెలియదు. అది ఒళ్లు విరుచుకుని, మా వైపు ఒకసారి ఆవలించి, నీళ్లలోకి జారేదాకా పడవ అలల మీద ఊగుతూనే ఉంది. పైన నీలిపాదాల బూబీ పక్షులు దారి మధ్యలోనే గుడ్లు పెట్టుకుని ఉంటే, చుట్టూ తిరిగి వెళ్లాం.

ఇసబెలాకు దక్షిణంగా చుట్టి వెళ్లిన రాత్రి అందరం పడకకు అతుక్కుపోయాం, అంతకంటే వివరం అనవసరం. మర్నాడు ఇసబెలా పడమటి తీరంలోని ఉర్బినా బే. 1954లో అగ్నిపర్వతం కింది కదలికల వల్ల ఆ తీరం అమాంతం పైకి లేచింది; పగడపు దిబ్బలు ఈనాటికీ నేల మీద ఎండిన పూలగుత్తుల్లా కనిపిస్తాయి. తీరం నిటారుగా ఉంటుంది, అలలు గట్టిగా కొడతాయి. పడవ అంచున కూర్చుని, కాళ్లు బయటికి తిప్పి, "ఇప్పుడు" అనేదాకా ఆగాలి. నేను ఒక అల ముందు లేచాను. మోకాలి లోతు నీళ్లలో కూలబడ్డాను, కెమెరా ఆ రోజుతో సరి. "ఏమండీ, ఆ అమ్మాయి చెప్పేదాకా ఆగలేరా?" అని మా ఆవిడ అందరి ముందూ అంది, తను మాత్రం ముంజేయి పట్టుకుని పెళ్లిపీటల మీద నుంచి లేచినంత నెమ్మదిగా దిగింది. ఆ తర్వాత నేను ఎవరికంటే ముందూ లేవలేదు.

ఫెర్నాండినాకు వెళ్లేముందు జాగ్రత్తలు మరీ ఎక్కువయ్యాయి. బయటి నుంచి తెచ్చిన క్షీరదం ఒక్కటీ స్థిరపడని దీవి అది. మా బూట్ల అడుగులు కడిగించారు, మేజోళ్లలో గుచ్చుకున్న గడ్డి గింజలు ఏరించారు, నా ప్యాంటు మడతలోంచి ఉర్బినా తీరపు ఇసుక దులిపించారు. దీవి మొత్తం ఒకే అగ్నిపర్వతం. 2024 మార్చిలో బద్దలైంది. పుంటా ఎస్పినోజా దగ్గర లావా రాయి మీద అడుగు వేశాక, వందలాది సముద్రపు ఉడుములు ఒకదాని మీద ఒకటి పడుకుని, ముక్కుల్లోంచి ఉప్పునీళ్లు చీదుతూ కనిపించాయి. ఎగరడం మానేసిన నీటికాకి ఒకటి తన పొట్టి రెక్కలను ఎండకు ఆరబెట్టుకుంటోంది. అందరూ అటు చూస్తుంటే నేను మాత్రం పగిలిన లావాలో లేచిన చిన్న కాక్టస్ దగ్గర వంగిపోయాను. మట్టి లేదు, నీడ లేదు. కొత్త కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి. దాని గింజ ఆ పగులులోకి ఎలా చేరిందో ఊహించుకుంటూ ఉండగా గైడు వేళయిందని పిలిచింది.

ఇంటికి వచ్చిన మర్నాడు పప్పుచారుకు చింతపండు నానబెట్టి, మా ఆవిడ ఒక పిక్కను ఏరి మాట్లాడకుండా నా చేతిలో పెట్టింది. కుండీలో నాటాను. పన్నెండో రోజున మొలిచింది.