మూడు క్లౌడ్‌లు: కట్టి చూశాను, కూల్చి చూశాను

సర్వర్ గదిలో ర్యాక్‌లు, కేబుళ్ల మధ్య పని నేర్చుకున్నవాణ్ణి. క్లౌడ్, అంటే పెద్ద కంపెనీల సర్వర్లను ఇంటర్నెట్ మీద అద్దెకు వాడుకోవడం, నేర్చుకోక తప్పదని తేలాక మొదట చేసిన తెలివితక్కువ పని, ఆ కంపెనీల పోలిక పట్టికలు చదవడం. రెండు వారాలు చదివితే తలకెక్కింది ఇంతే: వర్చువల్ మెషీన్‌ను, అంటే అద్దెకిచ్చే కంప్యూటర్‌ను, అమెజాన్ వారి ఏడబ్ల్యూఎస్‌లో ఈసీ2 అంటారు, గూగుల్‌లో కంప్యూట్ ఇంజిన్ అంటారు, మైక్రోసాఫ్ట్ వారి అజూర్‌లో వర్చువల్ మెషీన్ అనే అంటారు. పేర్లు నోటికొచ్చాయి, పని రాలేదు.

పట్టికలు పక్కన పడేసి, ఒకే చిన్న పని మూడు చోట్లా చేద్దామనుకున్నాను. ఒక మెషీన్ మీద చిన్న వెబ్ యాప్. అది ఫోటోలను ఆబ్జెక్ట్ స్టోరేజీలో (ఫైళ్లు పెట్టుకునే క్లౌడ్ గిడ్డంగి) దాచాలి, కానీ కోడ్‌లో ఎక్కడా కీ, అంటే దాన్ని తెరిచే పాస్‌వర్డ్ లాంటిది, ఉండకూడదు. డేటాబేస్ ఆ మెషీన్‌కు తప్ప మరెవరికీ కనపడకూడదు. అంతా పనిచేశాక ఆనవాలు మిగలకుండా తీసేయాలి. ఈ చివరి షరతు ఊరికే పెట్టుకున్నదే. తీరా చూస్తే నా పోలికంతా దాని చుట్టూనే తిరిగింది.

ఏది ముందన్నది ఉచిత క్రెడిట్ల గడువే తేల్చింది. అజూర్ కొత్త ఖాతాకిచ్చే 200 డాలర్లు 30 రోజుల్లో వాడుకోవాలి, కనక అది ముందు. గూగుల్ 300 డాలర్లకు 90 రోజులు, అది తర్వాత. ఏడబ్ల్యూఎస్ 2025 జులైలో కొత్త ఖాతాలకు పాత 12 నెలల పద్ధతి మాన్పించి, క్రెడిట్లతో ఆరు నెలల ఉచిత ప్లాన్ పెట్టింది. దాన్ని ఆఖరికి ఉంచాను.

అజూర్‌లో ఏది సృష్టించాలన్నా ముందు అది ఏ రిసోర్స్ గ్రూప్‌లోకి, అంటే అన్నీ కలిపి పెట్టే ఏ గంపలోకి, వెళ్లాలో చెప్పాలి. మొదట్లో ఇది చాదస్తంగా అనిపించింది. ఫోటోలు దాచే స్టోరేజ్ అకౌంట్‌కు పేరు దొరకడమైతే ఓ ప్రహసనం: 3 నుంచి 24 అక్షరాలు, చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలే, పైగా ప్రపంచంలో ఇంకెవరూ వాడని పేరు కావాలి. కీ లేకుండా ఫోటోలు దాచడానికి మెషీన్‌కు మేనేజ్డ్ ఐడెంటిటీ (అజూరే చూసుకునే గుర్తింపు) ఇచ్చి, దానికో రోల్ (ఏం చేయొచ్చో చెప్పే అనుమతి) కట్టబెడితే సరిపోయింది. తీసేసే రోజున ఆ చాదస్తం విలువ తెలిసింది. గ్రూప్ పేరు టైప్ చేసి డిలీట్ నొక్కితే లోపలున్నవన్నీ దాంతోపాటే పోయాయి.

గూగుల్ క్లౌడ్‌లో ఆ గ్రూప్ స్థానం ప్రాజెక్టుది. ఏ సర్వీసు వాడాలన్నా ముందు దాని ఏపీఐ (ఆ సర్వీసులోకి వెళ్లే ద్వారం) ఆన్ చేయాలి, అదొక్కటే కాస్త విసుగు. చేతికి హాయిగా ఉన్నది మాత్రం ఇదే. కమాండ్లు టైప్ చేయడానికి బ్రౌజర్‌లోనే తెరుచుకునే క్లౌడ్ షెల్, అందులో 5 జీబీ సొంత జాగా. మెషీన్ ఫారం నింపుతుంటే అదే పనికి సరిపడే కమాండ్ ఏదో పక్కనే చూపిస్తుంది. అలా చూసి రాసుకుంటూనే నాకు జీక్లౌడ్ కమాండ్లు వచ్చాయి. ఒక్క మెలిక గుర్తుంచుకోవాలి: మెషీన్ గుర్తింపుగా వాడే సర్వీస్ అకౌంట్‌కు రోల్ ఇస్తే చాలదు, మెషీన్‌కున్న యాక్సెస్ స్కోప్ (అది ఏయే సర్వీసులను తాకొచ్చో చెప్పే హద్దు) కూడా ఒప్పుకోవాలి. మామూలుగా వచ్చే స్కోప్‌తో స్టోరేజీలోది చదవచ్చు, రాయలేం. రెండు తలుపులూ తెరిచుంటేనే ఫోటో లోపలికి వెళ్తుంది. ప్రాజెక్టు మూసేస్తే అన్నీ పోతాయి, మనసు మారితే వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజులు.

ఏడబ్ల్యూఎస్‌లో అలా ఒక్క దెబ్బతో ఊడ్చేసే గంప లేదు. రిసోర్స్ గ్రూపులనే పేరు అక్కడా ఉంది, కానీ అది ట్యాగులు (మనం అంటించే పేరు చీటీలు) చూసి ఒకచోట చూపించేదే, గ్రూపు తీసేసినా లోపలివి ఉంటాయి. చేత్తో కట్టినదాన్ని చేత్తోనే కూల్చాలి, అదీ వరస తప్పకుండా. మెషీన్ వాడుతున్నంతసేపూ సెక్యూరిటీ గ్రూప్ (ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే నియమాలు) పోదు. డేటాబేస్ పోతేగాని దాని సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక ముక్క) కదలదు. మెషీన్‌ను నెట్‌వర్క్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ ఒక్కటి మిగిలినా వీపీసీ (వీటన్నిటినీ చుట్టుకున్న మన సొంత నెట్‌వర్క్) పోనంటుంది. చివరికి కాగితం తీసి, ఏది దేన్ని పట్టుకుని వేలాడుతోందో గీతలు గీశాను. నెట్‌వర్క్ గురించి నేను చదివినదాని కంటే ఆ కాగితం నేర్పిందే ఎక్కువ. ఏం కావాలో ఫైల్లో రాసిస్తే కట్టిపెట్టే క్లౌడ్‌ఫార్మేషన్‌తోనో టెర్రాఫామ్‌తోనో కట్టి ఉంటే చాలావరకు ఒక్క కమాండ్‌తో పోయేవి, నిజమే. కానీ ఆ గీతలు గీసేవాణ్ణి కాదు.

ఏది సులువని అడిగితే గూగుల్ అంటాను. తలనొప్పి భరించి లోతుకు పోవాలంటే ఏడబ్ల్యూఎస్. ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు వస్తుందనుకోవడమే నేను మొదట చేసిన తప్పు.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. ఉచిత గడువు దాటి మామూలు ఖాతాకు మారాక, ఒకచోట వేరే రీజియన్‌లో (వేరే ప్రాంతపు డేటా సెంటర్లలో) సరదాగా పెట్టిన మెషీన్‌ను ఆపి మర్చిపోయాను. మెషీన్ ఆగినా డిస్క్ అద్దె ఆగదు. ఏ కంపెనీ అన్నది అనవసరం, మతిమరుపు నాది. బడ్జెట్ అలర్ట్ పెట్టాను కదా అనే ధీమా ఒకటి. అలర్ట్ చెప్పడమే చేస్తుంది, ఖర్చును ఆపదు.

నేర్చుకున్నదానికి సర్టిఫికెట్ తెచ్చుకునే పరీక్షకు ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ ఎంచుకున్నాను. 130 నిమిషాలు, 65 ప్రశ్నలు, 1000కి 720 రావాలి, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. మైక్రోసాఫ్ట్ అసోసియేట్ సర్టిఫికెట్లు ఏడాదికే ముగుస్తాయి గానీ ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకుండానే పొడిగించుకోవచ్చు. సబ్‌నెట్లు, రూట్ టేబుళ్ల (నెట్‌వర్క్‌లో దారి చెప్పే పట్టికలు) ప్రశ్నలు వచ్చినప్పుడల్లా నా గీతల కాగితమే కళ్లముందు మెదిలింది. గట్టెక్కాను.

తీరా కొత్త టీమ్‌లో చేరితే వాళ్లు వాడేది అజూర్. మొదటి వారంలోనే పాత టెస్ట్ గ్రూప్ ఒకటి తీసేయమన్నారు. ఇది మనకు వెన్నతో పెట్టిన విద్యే కదా అని డిలీట్ నొక్కితే పోలేదు. దాని మీద డిలీట్ లాక్ ఉంది. ఎవరు పెట్టారండీ అని లీడ్‌ను అడిగితే నవ్వేశారు. "నేనేనండీ. మీకు ముందు వచ్చినాయన కూడా మొదటి వారంలో డిలీట్‌తోనే మొదలుపెట్టాడు, అదీ వేరే గ్రూప్!"