ఆ మూడు నాది

మన బడి పాత విద్యార్థుల సమావేశానికి వేసే సంచిక కోసం రాయమని కమిటీ వాళ్లు మొదటిసారి అడిగినప్పుడు "తప్పకుండా" అన్నాను. రెండోసారి "రేపు" అన్నాను. మూడోసారి ఫోన్ చేసింది మన రేడియో. వాడు మొదలుపెడితే ఆపడని మీకు తెలుసు కదా, అందుకే ఒప్పేసుకున్నాను. "బడి గురించి రాయి, జీవితంలో ఏం నేర్చుకున్నావో రాయి, రెండు పేజీలు దాటొద్దు" అన్నాడు.

బడి అనగానే నాకు లెక్కలు చెప్పిన మైనస్ సార్ ఒక్కరే కళ్లముందు నిలబడతారు. ఆరు, ఏడు తరగతులు అసలు జరిగాయా అనిపిస్తుంది. ఎనిమిదిలో స్కౌట్ క్యాంపుకి నేను కూడా వచ్చానట. ఫోటోలో ఉన్నాను కాబట్టి నమ్ముతున్నాను. తొమ్మిది కూడా అంతే, సగం పోయింది. పదిలో రూట్ రెండు చెప్పిన రోజు మాత్రం నిన్న జరిగినట్టుంది.

రూట్ రెండు భిన్నం కాదని నిరూపించాలి. సార్ ఏం చేశారు? భిన్నమే అనుకుందాం అన్నారు. పి బై క్యూ అన్నారు, రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదన్నారు. నాలుగు లైన్లు పోయేసరికి పి సరిసంఖ్య అయింది, క్యూ కూడా సరిసంఖ్యే అయింది. "చూశారా, ఎక్కడ బోల్తా పడిందో?" అని సుద్దముక్క టేబుల్ మీద పెట్టారు. ఇంకా పావుగంట మిగిలింది. ఆ పావుగంటలోనే బోర్డు తుడిచి, "జీవితం పాడుచేసుకోవడం ఎలా? 10 మార్కులు" అని రాశారు.

"ఎలా బాగుపడాలో నాకు తెలియదురా. ఎలా చెడిపోవాలో అయితే లెక్క కట్టి చెప్పొచ్చు. చెప్పండి" అన్నారు. రేడియో లేచి "చదువుకోకపోవడం సార్" అన్నాడు. "అది హెడ్మాస్టరు గారికి చెప్పాల్సిన జవాబు. కూర్చో" అన్నారు. అప్పుడు మూడో బెంచి మౌని, సంవత్సరమంతా నోరు విప్పని వాడు, "పక్కవాడి మార్కులు చూడటం" అన్నాడు. మనందరం వెనక్కి తిరిగి చూశాం, మాట వాడిదేనా అని. సార్ ఒకటో నంబరు వేసి అదే రాశారు. రెండోది మాట ఇచ్చి తప్పడం. మూడోది కోపం వచ్చిన రోజే ఉత్తరం రాయడం. నాలుగోది అర్థం కాకపోయినా తలూపడం. అది రాసేటప్పుడు మనం అందరం తలూపుతూనే ఉన్నాం!

అయిదోది రాశారు. "మూడుని ఎనిమిది చేయడం." క్లాసంతా నవ్వింది. ఇన్నేళ్లుగా మన గ్రూపులో ఎవరు గొప్పలు చెప్పుకున్నా "మూడుని ఎనిమిది చేశాడ్రా" అంటున్నారే, అందులో నేనూ నవ్వే బొమ్మలు పెడుతున్నానే, ఆ మూడు నాది.

అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల్లో నాకు 33 వచ్చింది. ప్రోగ్రెస్ కార్డు నాన్నకి చూపించే ముందు మొదటి మూడుకి ఎడమవైపు రెండు గీతలు కలిపాను. 83 అయింది. నాన్న సంతకం పెట్టి, వెన్ను తట్టి, వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. కార్డు తిరిగి ఇచ్చిన రోజు సార్ చూసి ఏమీ అనలేదు. బోర్డు మీద అది రాసేటప్పుడు కూడా నావైపు చూడలేదు. చూసి ఉంటే ఏదో ఒకటి బుకాయించేవాడినేమో.

మూడు రోజుల తర్వాత స్టాఫ్ రూమ్‌కి వెళ్లి నిలబడ్డాను. సార్ కార్డు తీసి ముందు పెట్టి, "మళ్లీ మూడు చెయ్యి" అన్నారు. ప్రయత్నించి చూడండి ఎప్పుడైనా. మూడుని ఎనిమిది చేయడానికి రెండు గీతలు చాలు. ఎనిమిదిని మూడు చేయాలంటే గీకాలి. బ్లేడుతో గీకుతూ ఉంటే కాగితం పలచబడి చిల్లు పడింది. సార్ ఆ చిల్లు పక్కనే 33 అని రాసి సంతకం పెట్టారు. "ఇప్పుడు మీ నాన్నకి చూపించు." ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను.

తెలుగు సార్ కూడా ఇలాంటివి చెప్పేవారు, కాకపోతే పద్ధతిగా. విదురుడు చెప్పిన ఆరు దోషాలు గుర్తున్నాయా? నిద్ర, తంద్ర అంటే కునికిపాటు, భయం, క్రోధం, ఆలస్యం, దీర్ఘసూత్రత. బాగుపడాలనుకునేవాడు వీటిని వదలాలట. "నిద్రపట్టక విదురుణ్ణి పిలిపించుకున్న ధృతరాష్ట్రుడికి నిద్ర మానమని చెప్పడమేంటి సార్?" అని రేడియో అడిగితే బెంచి ఎక్కించారు. నాకైతే అది మంచి ప్రశ్నే అనిపిస్తుంది ఇప్పటికీ. సంస్కృతంలో ఆలస్యం అంటే బద్ధకమనీ, మనం ఆలస్యం అనే దాని పేరు దీర్ఘసూత్రత అనీ ఆ రోజే తెలిసింది. కమిటీ వాళ్లు నా విషయంలో ఏ మాట వాడతారో వాళ్లిష్టం.

చాలా ఏళ్లకు ఒక ప్రసంగం చదివి ఉలిక్కిపడ్డాను. 1986లో లాస్ ఏంజిలిస్‌లో ఒక బడి పిల్లలకు చార్లీ మంగర్ అనే పెట్టుబడిదారు దుఃఖపడటం ఎలాగో చెప్పాడు. అసూయ, పగ, మత్తు పదార్థాలు అమెరికా టీవీ వ్యాఖ్యాత జానీ కార్సన్ చెప్పినవట. వాటికి మంగర్ తనవి కలిపాడు: నమ్మదగ్గ మనిషిగా ఉండకు, ఇతరుల అనుభవం నుంచి ఏమీ నేర్చుకోకు, దెబ్బ తగిలితే లేవకు. లెక్కను తిరగేసి చూడమన్న జాకోబీ అనే గణితజ్ఞుడి ప్రస్తావన కూడా ఉంది. మంగర్ 2023లో, నూరేళ్లు నిండటానికి నెల రోజులు కాస్త ఎక్కువుండగా పోయాడు. మైనస్ సార్ పేరు అతను విని ఉండడు, సార్ అతని పేరు వినలేదు.

నేనిప్పుడు ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ చూస్తున్నాను. ఇక్కడ మనిషికి దెబ్బ తగలాలంటే ఏమేం జరగాలి అని రాసుకుని, వాటిని ఒక్కొక్కటిగా జరగకుండా చేయడమే ఉద్యోగం. ఇది కూడా రూట్ రెండే. జరగని వాటికి సన్మానాలుండవు. కానీ పోయినేడాది ఒక ఫిట్టర్ రిటైరవుతూ నా గదికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా పది వేళ్లూ చాచి చూపించి వెళ్లాడు.

అయిదింటిలో అయిదోది మళ్లీ చేయలేదు. ఒకటోది మాత్రం చేశాను. నాకంటే ఆరేళ్ల చిన్నవాడికి నా పై కుర్చీ ఇచ్చినప్పుడు రెండేళ్లు అతని తప్పులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. అతను చెడ్డవాడేమీ కాదు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. మౌనికి పదిహేనేళ్లకే ఆ సంగతి ఎలా తెలిసిందో ఈసారి కలిసినప్పుడు అడగాలి. చెబుతాడని నమ్మకం లేదు.

కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. సమావేశానికి తెస్తున్నాను. సార్ వస్తున్నారనీ, చూపు సరిగా ఆనడం లేదనీ రేడియో చెప్పాడు. పర్వాలేదు, చిల్లు వేలికి తెలుస్తుంది.