ముక్కు తప్పుకి నాలుకకి శిక్ష

బుధవారం, రాత్రి.

ఇంట్లో జలుబు తిరుగుతోంది. పొద్దున్నుంచీ ఒకటే పాట: “నోరు చచ్చిపోయింది, ఏం తిన్నా రుచే లేదు.” నోరు చావలేదు. పంచదార తియ్యగానే ఉంది, ఉప్పు ఉప్పగానే ఉంది. పోయింది వాసన.

తేల్చుకోవడం రెండు నిమిషాల పని. నారింజ, నిమ్మ, స్ట్రాబెర్రీ రుచులున్న చప్పరించే బిళ్ళలు కావాలి, జలుబు లేని మనిషి కావాలి. ముందు కళ్ళు మూసి, ముక్కు గట్టిగా పట్టుకుని, ఆ తర్వాతే బిళ్ళ వేసుకోవాలి. వరస తారుమారైతే వాసన అప్పటికే లోపలికి చేరిపోతుంది, ప్రయోగం చెడుతుంది. ఇరవై సెకన్లు చప్పరించినా తీపీ కాస్త పులుపూ తప్ప ఏమీ తెలియదు. అప్పుడు పెదాలు విప్పకుండా ముక్కు వదిలేసి, గాలి బయటికి వదలాలి. నారింజ ఒక్కసారిగా ఊడిపడుతుంది!

గాలి పీల్చడం కాదు, వదలడం. కీలకం అదే. నమిలేటప్పుడు లేచే ఆవిర్లు గొంతు వెనక నుంచి ముక్కు పైకప్పు దాకా ఎక్కుతాయి. అక్కడున్న కొద్దిపాటి పొరలోనే సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు, అంటే వాసనని పట్టుకునే అణువులు. వాటి జన్యువుల కుటుంబాన్ని 1991లో బయటపెట్టిన శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. ఆ పొరకి దారి చాలా ఇరుకు. జలుబుకి వాచిందంటే మూసుకుపోతుంది. ముక్కు తెరుచుకున్నాక కూడా వాసన రాకపోతే దెబ్బ తగిలింది దారికి కాదు, కణాలకి. అవి మళ్ళీ పుట్టుకు రావాలి, వారాలో నెలలో పడుతుంది.

నాలుక పాత్ర చిన్నదే. తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగుల్లో, మాంసం పులుసులో తగిలే కమ్మదనం), అంతే. (కొనన తీపి, వెనక చేదు అని గీసే పటం తప్పు. రుచి మొగ్గలున్న ప్రతిచోటా అయిదూ తెలుస్తాయి.) దానికైనా తడి కావాలి. శుభ్రమైన బట్టతో నాలుక పొడిగా తుడిచి పంచదార పలుకు ఒకటి పెట్టి చూడండి. లాలాజలం ఊరి అది కరిగేదాకా ఇసుక రేణువే. జలుబు మాత్రల్లో కొన్ని నోరెండగొడతాయి. అప్పుడు నాలుక మీద వేసిన నిందలో కొంత నిజం ఉన్నట్టే.

జలుబులోనూ తగ్గనిది కారం. ఎందుకంటే అది అసలు రుచి కాదు. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే గ్రాహకాన్నే మిరపలోని కాప్సైసిన్ తడుతుంది. మెదడుకి వెళ్ళే కబురు “కాలుతోంది” అని. నీళ్ళు తాగి లాభం లేదు, కాప్సైసిన్ నీళ్ళలో కరగదు. పాలు నయం. వగరూ అంతే, రుచి కాదు. టీ డికాక్షన్‌లో, పచ్చి కాయల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటే నోరు గరుకుబారుతుంది. అది స్పర్శ.

ముక్కు మూసుకున్న వాళ్ళు చప్పగా ఉందని ఉప్పూ కారం దట్టిస్తారు. లేనిది వాసనైతే ఉప్పేం చేస్తుంది? దానికన్నా కరకరలాడేది, పుల్లటిది కలుపుకోవడం మేలు.

ముక్కు బాగయ్యాక కూడా వాసన రాని వాళ్ళకి ఒక సాధన ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలను రోజుకి రెండుసార్లు, ఒక్కోటి ఇరవై సెకన్ల చొప్పున, మెల్లగా చిన్న చిన్న పీల్పులతో వాసన చూడాలి. కనీసం పన్నెండు వారాలు. చాలామంది మధ్యలోనే మానేస్తారు.